డిస్పెన్సరీ తాళం

పిన్ని డిస్పెన్సరీ మెట్ల మీద చనిపోయింది. తలుపుకి తాళం వేసి ఉంది.

ఆ తాళం పడి ఏడాది దాటిందని మిల్లు కూలీల ఇళ్ళ లైన్లలో అందరికీ తెలుసు. అయినా మధ్యాహ్నం షిఫ్టులో పిన్నికి ఆయాసం ముంచుకొచ్చినప్పుడు, గోనె సంచులు కుట్టే ఆడవాళ్ళు ఆమెను ఎత్తుకుని అక్కడికే పరుగెత్తారు. జనపనార దుమ్ము ఎవరి ఊపిరికి అడ్డుపడ్డా కాళ్ళు అటే వెళ్ళేవి. నర్సమ్మ మూతికి మాస్కు తగిలించి ఊపిరి మిషన్ తిప్పేది. కాసేపటికి మనిషి లేచి మళ్ళీ సూది పట్టేది. కాళ్ళకు ఆ అలవాటు పోలేదు.

మెట్ల దగ్గరికి వచ్చాక గానీ మా అమ్మకు గుర్తు రాలేదు.

"ఇది మూసేశారు కదే," అంది, పిన్ని తలను ఒళ్ళో పెట్టుకుని.

మిల్లు మేస్త్రీ వంతెన అవతల, బీమా కార్డు చెల్లే ఆసుపత్రికి ఫోన్ చేశాడు. అంబులెన్సు పంపమన్నాడు. అందరికీ వినపడేలా ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. అవతల ఒక అమ్మాయి మెత్తగా మాట్లాడింది. "కార్డు నంబరు చెప్పండి. అప్రూవల్ రావాలి. లైన్లో ఉండండి." ఆ తర్వాత సంగీతం వచ్చింది. ఆ సంగీతం మోగుతుండగానే పిన్ని చెయ్యి మెట్టు మీదికి జారింది. నేను పక్కనే నిలబడ్డాను. అరవాలనుకున్నాను. నాకు గొంతు రాలేదు. లైన్లలో నన్ను మూగనోము అని ఊరికే అనరు.

సాయంత్రం వార్డు చైర్మన్ పూలదండ పట్టుకుని వచ్చాడు. డిస్పెన్సరీ మూయించింది అతనే. చిల్లర మందుల రోజులు పోయాయి, ఇక పెద్ద వైద్యం, ఇది సంస్కరణ అని అప్పట్లో మైకులో చెప్పాడు. డిస్పెన్సరీకి ఇచ్చే డబ్బంతా బీమా కంపెనీకి ప్రీమియంగా మళ్ళించాడు. అది చాలక వారం వారం మా కూలీలో కూడా కోత పెట్టించాడు. మాకు మిగిలింది ఒక కార్డు.

"కార్డు ఉండి కూడా వాడుకోలేకపోయింది, పాపం," అన్నాడు.

మా అమ్మ ఆ దండ తీసి అతని చేతిలోనే పెట్టింది. "ఉంచుకో. నీకూ కావాల్సొస్తుంది ఎప్పుడో ఒకప్పుడు," అంది.

పిన్ని కూతురు బుజ్జి ఆ రాత్రి నుంచి మా ఇంట్లోనే పడుకుంటోంది. దానికీ తల్లి ఆయాసమే వచ్చింది. నిద్రలో దాని ఛాతీ పిల్లిపిల్లలా గురగురమంటుంది. అమ్మా నేనూ వంతులవారీగా మేలుకుని ఆ చప్పుడు వినేవాళ్ళం. చప్పుడు ఉంటే భయం. ఆగితే ఇంకా భయం.

అంతలో వార్డు ఎన్నికలు వచ్చాయి. మా లైన్లలో పోలింగు రోజంటే దుప్పట్లు ఉతుక్కునే రోజు. "వాడు గెలిస్తే నా దుప్పటి ఉతికి పెడతాడా?" అని పిన్ని నవ్వేది. మేం ఉతుక్కునేవాళ్ళం. బజారు వీధి ఓట్లతో చైర్మన్ గెలిచేవాడు. ఈసారి నర్సమ్మ అతనికి ఎదురు నిలబడింది.

పోలింగు బూత్ డిస్పెన్సరీలోనే పెట్టారు. ముందురోజు గది ఊడ్చే పని అమ్మకు చెప్పి, తాళమూ చెవీ ఇచ్చారు. నేనూ వెళ్ళాను. తలుపు పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, బల్ల మీద ఏదో బట్ట కప్పి ఉంది. తీశాను. ఊపిరి మిషన్. తీగ గోడ ప్లగ్గులో పెట్టి మీట నొక్కాను. బుర్రుమని తిరిగింది.

అమ్మ చీపురు పట్టుకునే నేల మీద కూలబడింది. ఏడవలేదు.

"పని చేస్తోందే," అంది.

సాయంత్రం కుళాయి దగ్గర లైన్లన్నీ చేరాయి. అమ్మ చూసింది చూసినట్టు చెప్పింది.

"తలుపు పగలగొడదాం పదండి," అన్నాడు మేస్త్రీ. "ఓటు వేసి ఇంటికి పోతే ఎల్లుండి మళ్ళీ తాళం పడుతుంది. ఓటేస్తే చచ్చినామె లేస్తుందా?"

"ఓటెయ్యకపోతే లేచిందా?" అంది సైరన్ ముసలమ్మ. ఆమె గొంతు మిల్లు సైరన్‌ను మించుతుందని ఆ పేరు. "ఇన్నేళ్ళు దుప్పట్లు ఉతికాం. వాడు మనల్ని ఉతికాడు."

"అయితే ఏమంటావు?"

"రేపు ఆ తలుపు వాళ్ళే తెరిపిస్తారు కదా, పగలగొట్టడం ఎందుకురా? అందరం లోపలికి పోదాం. ఓటేద్దాం. వాళ్ళ పెట్టెలు వాళ్ళు పట్టుకుపోనీ. మనం మాత్రం అక్కడే కూర్చుందాం."

మేస్త్రీ తల గోక్కున్నాడు. "ముసలమ్మా, నీకు ఓటు కాదు, మిల్లే రాసివ్వాలి."

"దుమ్ము కూడా నువ్వే పీల్చు అంటావు. నాకొద్దు."

మర్నాడు లైన్లలో ఒక్క తీగ మీదా దుప్పటి ఆరలేదు. వరుస డిస్పెన్సరీ గేటు దాటి వీధి మలుపు దాకా పాకింది. మంచం పట్టినవాళ్ళను కుర్చీల్లో మోసుకొచ్చారు. ఎవరూ గోల చెయ్యలేదు. పిన్ని చనిపోయిన మెట్టును మాత్రం ఎవరూ తొక్కలేదు, దాటుకుంటూ ఎక్కారు. చైర్మన్ మనుషులు ఆ వరుసను చూసి సిగరెట్లు వెలిగించుకోవడం మర్చిపోయారు.

పోలింగు అయింది. అధికారులు పెట్టెలకు సీళ్ళు వేసి తీసుకెళ్ళారు. ఆ వెనుకే ఆడవాళ్ళు లోపలికి వచ్చి కూర్చున్నారు. నర్సమ్మ బుజ్జిని ఒళ్ళోకి తీసుకుని మాస్కు పెట్టింది. మిషన్ తిరిగింది.

చైర్మన్ వచ్చాడు. "అమ్మా, ఓట్లేశారు, సంతోషం. ఇక ఇళ్ళకు వెళ్ళండి. దేనికైనా ఒక పద్ధతి ఉంటుంది."

"కూర్చో అబ్బాయ్," అంది సైరన్ ముసలమ్మ. "ఆ మెట్టు మీదే. మా పిల్ల పడుకున్న మెట్టు."

అతను వెనక్కి తిరిగాడు. వెనక మగవాళ్ళు భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. కూర్చున్నాడు.

"లోపల చప్పుడు వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది."

"ఆ రోజూ అది అక్కడే ఉంది. నువ్వు దానికి బట్ట కప్పి పెట్టావు."

అతను లేవబోయాడు. బుజ్జి ఛాతీలో గురగుర తగ్గేదాకా అతన్ని లేవనివ్వలేదు.

లేచాక చేసిన మొదటి పని పోలీసులను పిలవడం. జీపు వచ్చింది. ప్రభుత్వ భవనం ఆక్రమించారని అమ్మనూ సైరన్ ముసలమ్మనూ ఎక్కించారు. మిగతావాళ్ళు కదల్లేదు. జీపు కదులుతుంటే అమ్మ తల బయటికి పెట్టి, "తాళం జాగ్రత్త," అంది. పొద్దున తలుపు తీసినప్పుడు తాళమూ చెవీ నా సంచిలో వేసింది. నేను మర్చేపోయాను.

మిల్లులో షిఫ్టు సైరన్ మోగింది. ఎవరూ గేటు వైపు నడవలేదు. నేను వీధి దాటి, చైర్మన్ వెళ్ళి కూర్చున్న వార్డు ఆఫీసు వైపు నడిచాను.

"ఎక్కడికే?" అన్నాడు మేస్త్రీ. నా చేతిలో తాళం చూశాడు. నర్సమ్మ దగ్గర కొందరిని ఉంచి మిగతా అందరూ నా వెనకే వచ్చారు.

చైర్మన్ లోపల ఫోన్‌లో ఉన్నాడు. "అంతా సర్దుకుంది," అంటున్నాడు. నేను రెండు రెక్కలూ దగ్గరికి లాగి గడియ పెట్టి తాళం వేశాను.

తలుపు దబదబలాడింది. "ఎవరది? తియ్యండి. నేను లోపల ఉన్నాను."

"జీపులో ఎక్కించిన ఇద్దరూ తిరిగి రావాలి, అప్పుడు తీస్తాం," అన్నాడు మేస్త్రీ.

"తియ్యి పాపా. నీ చేతిలోనే ఉందిగా చెవి." కిటికీ చువ్వల్లోంచి నన్ను చూశాడు. "నాకు ఊపిరాడటం లేదు."

కిటికీ బార్లా తెరిచి ఉంది. అతని జుట్టు గాలికి ఎగురుతోంది.

నా వెనక లైన్లన్నీ నేల మీద కూర్చున్నాయి. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఈసారి గొంతు వచ్చింది.

"కార్డు నంబరు చెప్పండి," అన్నాను. "అప్రూవల్ రావాలి. లైన్లో ఉండండి."