నూనె లేని గాలి

వ్యానులో ఏసీ చచ్చిపోయి రెండేళ్లయింది. చల్లగాలి ఇవ్వని కంప్రెషర్‌ను ఇంజను పక్కన కూర్చోబెట్టి ఊరికే మోస్తున్నామని మామగారు అప్పుడప్పుడూ సణిగేవాడు. ఆయన కార్లకు రంగు వేసే మనిషి. ఇళ్ల దగ్గరికే వెళ్లి, సొట్టలు తీసి, రంగు కొట్టి వస్తాడు. రంగు గన్నుకు గాలి కావాలి కదా, అందుకని కరెంటు మీద నడిచే పెద్ద కంప్రెషర్‌ను వ్యానులోకి ఎక్కించీ దించీ నడుము పడిపోయింది.

అల్లుడు ఏసీ మెకానిక్. ఒకరోజు భోజనాల దగ్గర అందరూ వింటుండగా అనేశాడు.

"ఆ చచ్చిన ఏసీ కంప్రెషర్‌నే గాలి కొట్టేలా మార్చేస్తాను మామయ్యా. ఇంజను తిరిగినంతసేపూ గాలే గాలి. మీరిక బరువులు ఎత్తక్కర్లేదు."

మామగారు ఒక్కటే అడిగాడు. "గాలిలో నూనె రాదు కదా అల్లుడూ?"

"చుక్క కూడా రాదు. నాదీ పూచీ."

ఆయన భయం ఆయనది. రేకు మీద ఆవగింజలో అరవయ్యో వంతు నూనె ఉన్నా రంగు అక్కడ నిలవదు. పక్కకు జరిగి, మశూచి మచ్చలాంటి గుంట వదిలేస్తుంది. అందుకే రంగు వేసే రోజున ఆయన తలకు నూనె రాసుకోడు. నెరిసినా పలచబడని ఆ జుట్టంటే ఆయనకు ప్రాణం. అయినా ముప్పై ఏళ్లుగా అదే నియమం.

ఇదంతా అల్లుడికి తెలియనిది కాదు. ఏసీలో నూనె గ్యాసుతో కలిసి తిరిగి తిరిగి మళ్లీ కంప్రెషర్‌కే చేరుతుంది. బయటి గాలిని పీల్పిస్తే వెళ్లిన నూనె వెళ్లినట్టే. కాబట్టి పీల్చే గొట్టంలో చుక్కచుక్కగా నూనె వేయాలి, బయటికి వెళ్లే గొట్టంలో ఆ నూనెను పట్టి ఆపే ఫిల్టరు పెట్టాలి. మొదటి పని చేశాడు. సీటు కింద గాలి ట్యాంకు, ఒత్తిడి ఎక్కువైతే వదిలేసే వాల్వు, మీటరు, అన్నీ ముచ్చటగా బిగించాడు. నూనె ఆపే ఫిల్టరు మాత్రం కొట్లో లేదు. పది రోజులు పడుతుందన్నారు. అల్లుడుగారేమో ఆదివారం అందరినీ చూడ్డానికి రమ్మని చాటింపు వేసి కూర్చున్నాడు! ఇంట్లో గాలిలోని తేమను మాత్రమే ఆపే చిన్న ఫిల్టరొకటి పడి ఉంటే, ఫిల్టరు ఫిల్టరే కదా అని దాన్నే బిగించేశాడు.

ఆదివారం గాలి బుస్సుమంది. బావమరిది చప్పట్లు కొట్టాడు. భార్య అందరి వంకా గర్వంగా చూసింది. "నా నడుముకి పెన్షనిచ్చావు అల్లుడూ," అని మామగారు వీపు తట్టాడు.

అందరూ లోపలికి వెళ్లాక అల్లుడు ఒక తెల్లకాగితం మీదికి గాలి వదిలి చూశాడు. సన్నటి జిడ్డు చుక్కలు. కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాడు. ఫిల్టరు రాగానే మార్చేస్తే సరి, ఈలోగా చెప్పి పరువు తీసుకోవడం ఎందుకనుకున్నాడు. అసలు తప్పు అదే. మిగతావన్నీ దాని పిల్లలు.

మంగళవారం పక్కవీధి టీచరమ్మ నల్లకారు బానెట్‌కు రంగు. ఆరకముందే గుంటలు తేలాయి. మామగారు గీకి, రుద్ది, తుడిచి, మళ్లీ వేశాడు. మళ్లీ అంతే.

"ఏంటండీ, మా కారుకి మొటిమలొచ్చాయా?" అని నవ్వింది టీచరమ్మ. మామగారు నవ్వలేదు.

ఆ సాయంత్రం అందరూ కూర్చుని ఉండగా బావమరిది అన్నాడు. "వ్యాను గాలిలోనే ఏదైనా తేడా ఉందేమో నాన్నా."

మామగారు కొట్టిపారేశాడు.

"ఛ, ఊరుకో. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అతనంత కష్టపడి చేసినదాన్ని అంటావేంట్రా? చుక్క రాదన్నాడు, రాదంతే. నా తలదే అయ్యుంటుంది. పాత నూనె వదల్లేదేమో."

ఈసారి మద్దెల నిజంగానే ఓడు. ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్కడు తేలుకుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చున్నాడు.

బుధవారం పొద్దున్నే మామగారు గుండుతో వచ్చాడు.

"ఆ జుట్టు చూసే కదండీ నేను పెళ్లికి ఒప్పుకున్నది! ఇప్పుడేం చూసుకోమంటారు?" అంది అత్తగారు. ఇల్లంతా పడీపడీ నవ్వింది. అల్లుడు కూడా నవ్వాడు. నవ్వకపోతే బయటపడిపోతానని భయపడి అందరికంటే గట్టిగా నవ్వాడు.

గుండుతో మూడోసారి వేశాడు. మూడోసారీ గుంటలే.

సాయంత్రం అల్లుడు వెళ్లేసరికి ఆయన గన్నును కడిగి మెత్తటి గుడ్డలో చుడుతున్నాడు. చుట్టడం అయ్యాక అరచేతులు చాపి చూసుకున్నాడు.

"పైకి కనపడట్లేదు గానీ చెయ్యి పోయింది అల్లుడూ. దీన్ని చేతనైనవాడెవడికైనా ఇచ్చెయ్. నీకు షెడ్లలో తెలిసినవాళ్లున్నారు కదా." గన్ను తీసి అల్లుడి చేతుల్లో పెట్టాడు.

ఫిల్టరు రేపే వస్తుంది. చడీచప్పుడు లేకుండా బిగించేసి, ఇంకొక్కసారి వేసి చూడండి మామయ్యా అంటే చాలు, ఏ పిట్టకూ తెలియదు. ఆ ఉపాయం కాసేపు ఊరించింది కూడా. ఆ గుండు మీద మంగలి కత్తి గాటొకటి ఎర్రగా కనపడకపోతే అదే చేసేవాడేమో.

పర్సులోంచి కాగితం తీసి ఇచ్చాడు.

"మీ చెయ్యి కాదు మామయ్యా. గాలి. నూనె ఆపే ఫిల్టరు నేను పెట్టలేదు."

మామగారు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. వేళ్ల మధ్య రుద్ది వాసన చూశాడు.

"ఇదెప్పటిది?"

"ఆదివారంది."

ఆయన చెయ్యి మెల్లగా గుండు మీదికి వెళ్లింది. "అంటే దీనికి ముందే."

"ముందే మామయ్యా."

"పొద్దున నువ్వూ నవ్వావు."

అల్లుడికి తల కొట్టేసినట్టయింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆయన గన్ను వెనక్కి తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఫిల్టరు వచ్చింది. అల్లుడు దాన్ని బిగించి, ఒక కాగితం కాదు, పది కాగితాలు పెట్టి చూశాడు. అన్నీ తెల్లగానే ఉన్నాయి. "అప్పుడు చూసిన ఒక్కటి చూపించాల్సింది," అంది భార్య. శనివారం దాకా ఆమె అతనితో మాట్లాడింది ఆ ఒక్క మాటే.

శనివారం టీచరమ్మ ఇంటి ముందు మామగారు టోపీ తీశాడు. గుండు ఎండకు తళతళలాడింది. రంగు వేసే రోజున, ముప్పై ఏళ్లలో మొదటిసారి, తలకు నూనె పట్టించుకుని వచ్చాడు. అల్లుడు అది చూసి, ఇంజను తిప్పి గాలి ఇచ్చాడు. బానెట్ మీద నల్లరంగు ఈ చివర నుంచి ఆ చివరకు నున్నగా పరుచుకుంది. ఒక్క గుంట లేదు.

"ఈసారి చెయ్యి బాగా కుదిరిందండీ," అంది టీచరమ్మ.

"చెయ్యి ఎప్పుడూ బాగానే ఉందమ్మా."

"మరి అన్నిసార్లు ఏమైంది?"

మామగారు గన్ను తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆయన ఎదురుచూస్తున్నాడని అల్లుడికి అర్థమైంది.

"గాలి నాదండీ. అందులో నూనె వస్తోందని నాకు ముందే తెలుసు. తెలిసే దాచాను."

అప్పుడు గానీ మామగారు అతని వైపు తిరగలేదు.

"గొట్టం చుట్టు," అన్నాడు. అల్లుడూ అని మాత్రం అనలేదు.