ముప్పై ఏడో ఇంటి రెండో పొయ్యి

నా బ్లాకులో నూట పద్దెనిమిది ఇళ్లు. నూట పదిహేడు రాసేశాను. మిగిలింది ముప్పై ఏడో నంబరు. అది మా ఇల్లే.

2010 ఏప్రిల్‌లో, జనగణనకి ముందు జరిగే ఇళ్ల లెక్కకి, సముద్రం మధ్య మా దీవుల్లో, డెలానీపూర్‌లో మా సందుతో కలిపి ఒక బ్లాకు నాకిచ్చారు. నేను ప్రైమరీ స్కూల్లో టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే కాబట్టి ఏ సర్కారు కాగితం వచ్చినా నా చేతికే ఇస్తారు. అందులో ఒక్క గడి తప్పు పడినా ఆ రోజంతా నాకు అన్నం సయించదు.

మా సూపర్‌వైజర్ వెంకటసుబ్బయ్యగారిది ఒంగోలు వైపు. ముప్పయ్యేళ్ల కింద ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. ట్రైనింగులో ఆయన ఒకటే మాట పదిసార్లు చెప్పారు.

"కప్పు చూడొద్దమ్మా, పొయ్యి చూడండి. ఒక కప్పు కింద పదిమంది ఉండొచ్చు. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒక కుటుంబం. రెండు పొయ్యిలుంటే రెండు కుటుంబాలు. కుటుంబానికి ఫారంలో ఒక వరస. అంతే."

అంతే కదా అనుకునే బయల్దేరాను.

సునామీ తర్వాత ఎవరికి ఇల్లొచ్చిందో, ఎవరికి రాలేదో మా సందులో అందరికీ నోటికి వచ్చు. అందుకే నేను గోడల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేయగానే ఒక పుకారు లేచింది. ఎవరి పేరున వేరే వరస ఉంటే వాళ్లకి వేరే ఇల్లు మంజూరవుతుందట. కాదని ప్రతి గుమ్మంలోనూ చెప్పాను. ఎవరూ వినలేదు. మూడో రోజు నుంచి కొన్ని ఇళ్లలో మూల ఒక కొత్త కిరసనాయిలు స్టవ్వు కనపడేది. దుర్గారావు ఇంట్లో అయితే స్టవ్వు వచ్చిన అట్టపెట్టె కూడా పక్కనే ఉంది.

"ఇది మా తమ్ముడిది, టీచర్ దీదీ. ఆడు అలగ్ వండుకుంటన్నాడు."

"ఎప్పట్నుంచి?"

"శానా దినాల్నుంచి."

"మరి మసి ఏదీ?"

"మా మరదలు సాఫ్‌సఫాయి మనిషి దీదీ. మసి కనబడితే ఊరుకోదు."

నేను నవ్వలేదు. ఒక వరసే రాశాను. "లిఖ్ దో నా దీదీ, రాసీరాదా, నీ ఇంట్లోంచి ఏటైనా పోతాదా?" అంటూ దుర్గారావు గేటు దాకా వెంటొచ్చాడు. నా ఇంట్లోంచి పోయేదేమీ లేదు. అయినా లేని పొయ్యిని ఎలా రాయను? అలా మొత్తం పదకొండు పొయ్యిలు కొట్టేశాను. సందులో నాతో మాటలు మానేసిన ఇళ్లు కూడా దాదాపు అన్నే.

ఆ పదకొండు పొయ్యిలకీ మసి లేదు. మా ఇంట్లో రెండో పొయ్యికి ఉంది. నాకు నిద్ర లేకుండా చేసింది అదే.

మా అన్నయ్య వీరేంద్ర దీవుల మధ్య తిరిగే షిప్‌లో పనిచేస్తాడు. నెలకి ఇరవై రోజులు నీళ్ల మీదే. 2000లో పెళ్లవగానే బాంబూఫ్లాట్‌లో పల్లపు నేల మీద చిన్న ఇల్లు కట్టుకుని, వాడూ వదిన కమలాకుమారీ వేరే ఉండేవాళ్లు. 2004 డిసెంబరు ఇరవై ఆరున అల వచ్చి వెనక్కి పోయింది గానీ నేల కుంగిపోయింది. రోజుకి రెండుసార్లు పోటు నేరుగా వాళ్ల వంటింట్లోకి వచ్చేది. వదినని తీసుకురావడానికి వెళ్లింది నేనే. "రెండు వారాలు వదినా, నీళ్లు తీసేదాకా" అన్నాను. ఐదేళ్లు దాటింది. పాప సౌమ్య ఇక్కడే పుట్టింది.

ఈ మార్చిలో ఒకరోజు వదిన చేసిన చేపల పులుసులో చింతపండు ఎక్కువైందని మా అమ్మ గిన్నెలో గ్లాసుడు నీళ్లు పోసి కలిపేసింది. వదిన మర్నాడు వెనక వసారాలో రేకు కింద స్టవ్వు పెట్టుకుని తనకీ పాపకీ వండుకుంది. ఆ మర్నాడూ అంతే. అన్నయ్య షిప్ దిగి వచ్చి అక్కడే తిన్నాడు. మా నాన్న తాతబ్బాయి చాతం సామిల్లులో కలప కోసి రిటైరైన మనిషి, గొడవల్లో తల దూర్చడు. అమ్మ దగ్గర భోంచేసి, చేతులు కడుక్కునే వంకతో వసారాలోకి వెళ్లి అక్కడి కూర కూడా రుచి చూసి వచ్చేవాడు.

మే మొదటివారంలో నేను ఫైలు ముందేసుకుని కూర్చుంటే అమ్మ వచ్చి ఎదురుగా చతికిలబడింది.

"ఒకటే రాయవే రాజీ. కోపాలొత్తాయి, పోతాయి. నువ్వు కాయితమ్మీద రాసీసేవంటే అదింక పోదు."

"నేను రాసినందుకు వేరు పడరమ్మా. వేరుగా వండుకుంటున్నారు కాబట్టి రాయాలి."

"ఏటి వేరు? పాలు పొంగించిందేటి? లేదు కదా. పాలు పొంగించని పొయ్యి ఒక పొయ్యేటే? పిక్నిక్కెళ్లి రాళ్ల మీద వండుకున్నట్టు!"

ఫైలు మూసేశాను. కాసేపటికి మళ్లీ తెరిచాను. ముప్పై ఆరో ఇంటి వరస, దాని కింద ఖాళీ. లేచి సందు చివరి దాకా నడిచి వచ్చాను. కుళాయి దగ్గర దుర్గారావు బిందె పట్టుకుని నిలబడ్డాడు.

"మా పొయ్యికి మసి లేదన్నావు. మీ వదిన పొయ్యికి ఎన్ని మార్కులేత్తావు, టీచర్ దీదీ?"

"సొంతింటి పొయ్యి కదా, ఫస్ట్ క్లాసే!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

రెండు రాస్తే సొంతవాళ్లకి రాసుకున్నానంటారు. ఒకటి రాస్తే అబద్ధం. మర్నాడు వెంకటసుబ్బయ్యగారి ఆఫీసుకెళ్లి అడిగాను.

"సర్, మా ఇల్లు ఒక్కటి మీరొచ్చి చూసి రాయండి. నేను రాస్తే బాగుండదు."

ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు. "మీ ఇంట్లో ఎన్ని పొయ్యిలున్నాయో నన్నొచ్చి లెక్కపెట్టమంటారా? బాగుందమ్మా. పదిహేనో తారీఖు సాయంత్రం ఐదింటికి ఫారాలు నా బల్ల మీద ఉండాలి. ఒక్క వరస ఖాళీగా ఉన్నా తీసుకోను."

ఆ ఆదివారం వదిన తనంతట తనే అడిగింది. "సందంతా తిరిగి అందరి వంటిళ్లూ చూసేవు. నాది కూడా చూద్దూగాని రా."

వసారాలోకి అనుకున్నాను. కాదు. చాతం జెట్టీలో ఫెర్రీ ఎక్కించి బాంబూఫ్లాట్ తీసుకెళ్లింది. ఆటు సమయం. మోకాళ్ల దాకా బురదలో దిగి నడిచాం. ఇంటికి కప్పు లేదు, గోడలు నడుం ఎత్తున మిగిలాయి. వంటింట్లో సిమెంటు గట్టు, దాని మీద రెండు కళ్ల పొయ్యి. గట్టు నిండా గవ్వలు అతుక్కుని ఉన్నాయి. ఒక కంట్లో చిన్న పీత మమ్మల్ని చూసి లోపలికి జరిగింది.

"లెక్కలోళ్లు ముందుసారి వచ్చినప్పుడు ఆ మేస్టారు అదుగో, ఆ గుమ్మంలో నిలబడి అడిగేడు, ఎంతమంది అని. ఇద్దరం అన్నాను. గట్టిగా అన్నాను. కొత్త పెళ్లికూతుర్ని కదా." వదిన గట్టు మీద చెయ్యి వేసింది. "మీ ఇంటికొచ్చాక ఎవులడిగినా అత్త సెప్తాది, ఆరుగురం అని. బానే సెప్తాది. ఆ ఆరుగురిలో నాను ఎన్నోదాన్నో నాకే తెలీదు."

బురదలో కాలు మార్చి కాలు వేసుకుంటూ నిలబడ్డాను.

"ఈ పొయ్యి మీద పాలు పొంగించింది నువ్వే. గుర్తుందా? ట్వెల్త్ పరీక్షలని పుస్తకం చంకలో ఎట్టుకుని మరీ వచ్చేవు."

గుర్తుంది. కొత్త పొయ్యి మీద మొదటిసారి పాలు పొంగించేది ఆడపడుచే. నాకు ఇచ్చిన చీర ఇంకా పెట్టెలో ఉంది.

"ఇప్పుడూ నువ్వే పొంగించాల. రెండు నెల్లై దొంగలాగ వండుకుంటన్నాను, రాజీ."

"ఇళ్ల లిస్టు కోసమా వదినా?" అడగకూడదనుకుంటూనే అడిగేశాను.

"లిస్టులో పేరొత్తే వద్దంటానేటి? పిచ్చిదాన్నా? కానీ లిస్టు కోసమే అయితే దుర్గారావులాగ నిన్న కొని ఇయాళ చూపించేదాన్ని. ఇన్నాళ్లు ఆ రేకు కింద పొగెందుకు తింటాను?"

వచ్చేటప్పుడు ఫెర్రీలో కూర్చోలేకపోయాను. రైలింగు పట్టుకుని ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. పాలు పొంగిస్తే అమ్మ మాట ప్రకారం అది పొయ్యి అవుతుంది. పొంగించకపోతే కాదు. పొంగించాల్సింది నేను, లెక్క రాయాల్సిందీ నేనే. లెక్క రాసే మనిషి ఆ లెక్కని తన చేత్తో తయారు చేయొచ్చా? ట్రైనింగు పుస్తకంలో దీని గురించి ఏమీ లేదు. ఇంటికెళ్లాక మూడుసార్లు వెతికాను.

పదిహేనో తారీఖు పొద్దున లేచేసరికి ఒక్కటి తేలింది. ముందు రాయాలి. ఉన్నది ఉన్నట్టు. ఆ తర్వాతే పాల సంగతి.

స్నానం చేసి, బ్యాడ్జి పెట్టుకుని, ఫైలు పట్టుకుని మా వీధి గుమ్మంలోంచి బయటికెళ్లి మళ్లీ తలుపు తట్టాను. నాన్న తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసి, "అరే, ఏటమ్మా ఇది?" అన్నాడు. అమ్మ బియ్యం ఏరుతోంది. వదిన వసారా గడపలో నిలబడింది. అన్నయ్య ముందురోజే వచ్చాడు, మంచం మీద లేచి కూర్చున్నాడు.

అందరి ఇళ్లలో అడిగినట్టే అడిగాను. "ఈ ఇంట్లో ఒక పొయ్యి మీద వండింది ఎంతమంది తింటారు?"

"ఆరుగురం," అంది అమ్మ చేట మీంచి తల ఎత్తకుండా.

కలం కాగితం మీద పెట్టాను. కదల్లేదు. ఇంకెవరింట్లోనైనా అయితే నేనేం అడిగేదాన్ని?

"నిన్న పొద్దున ఎన్ని డబ్బాల బియ్యం పోశావమ్మా?"

బియ్యం విషయంలో అమ్మ ఎప్పుడూ అబద్ధం చెప్పదు. ఆలోచించకుండానే అనేసింది. "ఒకటిన్నర."

"మునుపు?"

"మూడు."

అమ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది. తన నోట్లోంచి వచ్చిన ఆ మాట తనే మొదటిసారి విన్నట్టుంది. సౌమ్య "నానమ్మా, ఒకటిన్నర అంటే ఎంత?" అని అడిగింది.

"మూడులో సగమే తల్లీ," అంది అమ్మ. చేట పక్కన పెట్టింది. "రాసుకో," అంది నాతో.

మొదటి వరసలో నాన్న పేరు రాశాను, ముగ్గురు మనుషులు. రెండో వరస దగ్గర తల ఎత్తి అడిగాను. "ఈ కుటుంబానికి పెద్ద ఎవరు?"

వదిన అన్నయ్య వైపు చూసింది. "ఆయన పేరే..." అని ఆగింది.

"నానెప్పుడుంటాను ఇంట్లో?" అన్నాడు అన్నయ్య. "పొయ్యి దానిది. దాని పేరే రాయి."

కమలాకుమారి అని రాశాను. అక్షరాలు గడి దాటలేదు.

ఫైలు మూయగానే అమ్మ లేచి అలమార తెరిచింది. వారం రోజులుగా మెయిన్‌లాండ్ నుంచి షిప్ రాక బజార్లో ప్యాకెట్ పాలు లేవు. పాలపొడి డబ్బా తీసి నా ఒళ్లో పెట్టింది. "కాయితం మీదకి ఎక్కీసింది. ఇంక పాలు పొంగించని పొయ్యిని ఇంట్లో ఉంచకు. మంచిది కాదు."

వసారాలో స్టవ్వు వెలిగించాను. వెనక గోడ నడుం ఎత్తు దాకా నల్లబారి ఉంది. అమ్మ వసారాలోకి రాలేదు. గడప అవతల నుంచే కేకేసింది. "నీళ్లెక్కువ పొయ్యకే, పొంగవు!"

వదిన నా వైపు చూసి నవ్వు రాకుండా పెదవి బిగబట్టింది. నీళ్ల సంగతి అమ్మే చెప్పాలి మరి.

పాలు పొంగాయి. మంట మీద పడి చుయ్యిమన్నాయి. సరిగ్గా అప్పుడే వెనక దడి మీంచి దుర్గారావు తల కనపడింది.

"ఎన్ని వరసలు దీదీ?"

"రెండు. లోపలికొచ్చి చూసుకో."

నిజంగానే వచ్చాడు. గోడ మీద వేలు రాసి, వేలు చూసుకుని, లుంగీకి తుడుచుకున్నాడు. "పక్కా మసే," అన్నాడు. వదిన ఇచ్చిన గ్లాసు తీసుకుని పాలు తాగాడు. పోతూ పోతూ, "మాది కూడా రోజూ వెలిగిత్తన్నాం ఇప్పుడు. వచ్చేసారి చూడు," అన్నాడు. నవ్వులాటకన్నాడో నిజంగానే అన్నాడో తెలియలేదు. ఐదింటికి ఫారాలు ఇచ్చి వస్తున్నంతసేపూ ఆ మాటే బుర్రలో తిరిగింది. ఆ పదకొండింట్లో ఒక్కటి కూడా నిజం పొయ్యి కాదని నాకెలా తెలుసు? మసి లేదన్నాను గానీ బియ్యం ఎవరినీ అడగలేదు.

ఇంటికొచ్చేసరికి ఆకలి దంచేస్తోంది. వెనక నుంచి పులుసు వాసన వస్తోంది. కాళ్లు అటే లాగాయి. కానీ నేను మొదటి వరసలో మనిషిని, అమ్మ దగ్గరే పీట వేసుకున్నాను. అన్నం పెట్టించుకుంటుండగా వదిన గిన్నె తెచ్చి మా మధ్య పెట్టి, నిలబడకుండా వెళ్లిపోయింది.

అమ్మ వేలితో పులుసు నాకి చూసింది.

"చింతపండు ఎక్కువే," అంది.

నీళ్ల చెంబు చేతికందేంత దూరంలోనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. గరిటెతో నా అన్నంలో పోసి, తన అన్నంలో కూడా పోసుకుంది.