మన సంగతి వేరు

ఆస్ట్రేలియాలో స్కోఫీల్డ్స్ దగ్గర ఒక హైస్కూల్లో నేను పదకొండో క్లాసుకి ఇంగ్లీషు చెప్తాను. ఈ ఏడాది పాఠం వందేళ్ళనాటి అమెరికన్ నవల. అందులో ఒక ఊరు, దేవుడు తమనే ఎంచుకున్నాడని నమ్ముతుంది. ఆ ఊరే బట్టలుతికే ఒక నల్లజాతి స్త్రీ ఇంటిని తగలబెట్టి, మర్నాడు చర్చిలో తమ దయాగుణం మీద పాట పాడుకుంటుంది.

ఆ పాట చదివి పిల్లలు ఒకటే నవ్వు. "సో అమెరికన్, మిస్!"

నాకు ఒళ్ళు మండింది. "రాసినవాడు మిమ్మల్ని నవ్వించడానికి రాయలేదు. సొంతూరి మీద ప్రేమ ఉండి, కడుపు మండి రాశాడు. మీరూ మీ వాళ్ళ గురించి అలా రాసుకురండి" అన్నాను.

క్లాసులో తెలుగమ్మాయి చైత్ర రెండు పేజీలు రాసింది. మొదటిది ఆస్ట్రేలియా గురించి. అందరికీ సమాన అవకాశమని చెప్పుకునే దేశంలో, ఈ నేల అసలు మనుషులైన ఆదివాసుల పిల్లలే జైళ్ళలో అంతమంది ఎందుకున్నారని అడిగింది. రెండోది వాళ్ళిల్లు. "మనం కష్టపడి పైకొచ్చినవాళ్ళం, మిగతా వలసవాళ్ళలాంటి వాళ్ళం కాదంటారు నాన్న. మా ఇల్లు తుడిచే సూడాన్ ఆంటీకి మాత్రం మా ఇంట్లో గ్లాసు వేరు."

దాన్ని స్కూల్ అసెంబ్లీలో చదివిద్దామని లిస్టులో చైత్ర పేరిచ్చాను. రెండ్రోజుల్లో ప్రిన్సిపాల్ పిలిచాడు. వెళ్ళేసరికి చైత్ర నాన్న చలపతి గారు కూర్చునున్నారు. తెనాలి ఆయన, ఇంజినీరు, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే. "అమెరికా వాళ్ళ పొగరు భలే దించాడమ్మా" అని పేరెంట్స్ మీటింగులో ఆ నవలని మెచ్చుకున్న మనిషే.

"ఇంటి గుట్టు మైకులో చదివిస్తావేంటమ్మా సింధుజా? మన పరువేం కావాలి?"

"అమెరికా వాళ్ళ గుట్టయితే బాగుంది కదండీ?"

"వాళ్ళ సంగతి వేరు, మన సంగతి వేరు!"

ప్రిన్సిపాల్ మెత్తగా ఇంగ్లీషులో అందుకున్నాడు. ఇంటి పేజీ తీసేద్దాం అన్నాడు. పనిలో పనిగా జైళ్ళ పేజీ కూడా. మన దేశం మరీ అంత చెడ్డది కాదుగా అన్నాడు. చలపతి గారు తలూపారు.

"ఇంక మిగిలేది ఆ పిల్ల పేరొక్కటే" అన్నాను. "ఒక్క మాట తీసినా నేను ఒప్పుకోను."

అసెంబ్లీ లిస్టులోంచి చైత్ర పేరు పోయింది. నాకు హెచ్చరిక లెటర్ వచ్చింది.

శుక్రవారం ఆఖరి పీరియడ్లో, "మిస్, క్లాసులో చదవొచ్చా?" అని చైత్ర లేచింది. చదవమన్నాను. రెండు పేజీలూ చదివింది. ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలోంచి ఒకడు తన కాగితం మడిచేసి, "మిస్, నాది మళ్ళీ రాసుకొస్తాను" అన్నాడు. ఇంకో నలుగురు వాడి వెంటే చేతులెత్తారు.

బెల్లయింది. గేటు దగ్గర కారులో చలపతి గారు హారన్ కొడుతూనే ఉన్నారు. చైత్ర మాత్రం కూర్చుని, మూడో పేజీ మొదలుపెట్టింది.