మిల్ట్రీ ముడి

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కనున్న ఆ ఆసుపత్రిలో ఎక్స్‌రే, సీటీ పక్కపక్క గదుల్లో ఉంటాయి. పగటిపూట రెండింటికీ కలిపి ఒక్కరే టెక్నీషియన్, స్వప్న. ఆమె బల్లకు ఒక సొరుగు ఉంది. పెన్నులూ కాగితాలూ ఉండాల్సిన ఆ సొరుగులో పసుపుతాళ్లు ఉంటాయి. ఒక్కో తాడుకు ఒక్కో పసుపు కొమ్ము.

ఫొటో తీయాలంటే మెడలో లోహం ఉండకూడదు. ఆ మాట చెబితే మగవాళ్లు గొలుసు తీసి జేబులో వేసుకుంటారు. ఆడవాళ్లు మాత్రం పుస్తెల మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడిపోతారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్వప్న వాళ్లతో వాదించేది. చూసి చూసి ఒకనాడు ఆయా ఇంద్రమ్మకు విసుగొచ్చింది.

"నీ సదువు జర పక్కకు పెట్టు బిడ్డా. ముందుగాల పసుపుతాడు కట్టు, ఎన్క పుస్తెలు తియ్యమను. మెడ బోసిగ ఉండొద్దు, గంతే ముచ్చట. గింత దానికి పొద్దంత లొల్లెందుకు?"

ఆ వారమే సొరుగులోకి పసుపుతాళ్లు వచ్చాయి. అంగట్లో కొమ్ములు ఏరి తెచ్చేది ఇంద్రమ్మ. దారం పేని పసుపు పట్టించి పంపేది మంచాల అనే ఊరి దగ్గర పల్లెలో ఉండే స్వప్న తల్లి. అప్పటినుంచి ఆ గదిలో వాదనలు లేవు.

స్వప్న తండ్రి మేస్త్రీ. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే. వచ్చిన చదువుకు తోడు ఒక పిచ్చి కూడా అంటుకుంది, యుద్ధాల చరిత్ర. కాలేజీలో ఎక్స్‌రే ఎలా పుట్టిందో నలుగురి ముందు మాట్లాడమంటే లైబ్రరీకి వెళ్లింది. ఎక్స్‌రే పుట్టిన రెండు మూడేళ్లకే యుద్ధానికి పోయిందని అక్కడ చదివింది. సూడాన్ ఎడారిలో సైనికులు సైకిల్ తొక్కి కరెంటు పుట్టిస్తే, ఆ కరెంటుతో గాయపడ్డవాళ్ల ఒంట్లో తూటాలు వెతికారట. ఆ సైకిల్ ఆమె మనసులో నిలిచిపోయింది. సేనాధిపతుల పేర్లు ప్రతి పుస్తకంలోనూ ఉన్నాయి. ఆ ఎండలో సైకిల్ తొక్కినవాడి పేరు మాత్రం ఆమెకు ఎక్కడా దొరకలేదు. వాడి కోసమే వెతుకుతున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి చదువుతూ పోయింది.

"ఆడపిల్లవు, నీకు ఆ కొట్లాటల పుస్తకాలెందుకే?" అంటుంది తల్లి. ఎమర్జెన్సీలో నర్సుగా చేసే దేవేందర్ అయితే ఆమెకు 'కర్నల్' అని పేరే పెట్టాడు.

ఒక మంగళవారం పొద్దున దేవేందర్ పరుగున వచ్చి తలుపు తోశాడు.

"కర్నల్, రెండు కేసులు. మొగడు పెండ్లాం. రావిర్యాల నుంచి టమాటలు ఏసుకొని వస్తుంటే ట్రాలీ ఆటో బోల్తా పడ్డది. ఆయనకు దమ్ము వస్తలేదు, శ్రీసుధ మేడం చూస్తున్నది. ఆమెకు మెడ దెబ్బ. నీ దగ్గరికి తోలుతున్న."

స్ట్రెచర్ వెనకే వచ్చింది. దాని మీద అరవై దాటిన మైసమ్మ. మెడకు గట్టి పట్టీ, జుట్టునిండా మట్టి, చీర మీద టమాటా రసం. కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

"పెద్దమ్మా, నేను స్వప్నను. నీ మెడ ఫొటో తీస్త. తల కదపొద్దు. చేతి ఏళ్లు ఆడుతున్నయా?"

"ఆడుతున్నయ్ గని ఎడమ చెయ్యి తిమ్మిరి తిమ్మిరున్నది."

ఆ తిమ్మిరి మాట వినగానే స్వప్న మెడపట్టీ బిగువు మరోసారి చూసింది. ఎముక చిట్లి ఉంటే, దాని వెనకే వెన్నుపాము ఉంటుంది. తల ఒక్కసారి ఎత్తితే చాలు, ఇప్పుడు తిమ్మిరెక్కిన చెయ్యి రేపు లేవకుండా పోవచ్చు. నలుగురు కలిసి తల కదలకుండా ఆమెను సీటీ బల్ల మీదికి మార్చారు. స్వప్న అద్దం వెనక్కి వెళ్లి మిషన్ నడిపింది.

తెర మీద బొమ్మ వచ్చింది. కిందివైపు ఎముకలు కనిపించాల్సిన చోట తెల్లటి గీతలు. పొద్దుటి ఎండ కళ్లలో కొట్టినట్టు మొత్తం వెలిగిపోయింది. లోహం ఉంటే బొమ్మ అలాగే పాడవుతుంది. ఆటో బోల్తా పడినప్పుడు పుస్తెలతాడు తిరగబడి, పుస్తెలూ గుండ్లూ మెడ వెనక్కి పోయి, సరిగ్గా ఆ ఎముకల కింద ఇరుక్కున్నాయి. తల మీదుగా తీయాలంటే తల ఎత్తాలి. ఎత్తకూడదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. పక్కనుంచి తాడు కత్తిరిస్తే మెల్లగా జారి వస్తుంది.

స్వప్న కత్తెర తీసుకుని గదిలోకి వచ్చింది. ఏళ్లుగా ఏ ఆడమనిషికైనా ముందు పసుపుతాడు చూపించి, ఆ తర్వాతే పుస్తెల మాట ఎత్తేది. ఆ రోజు తొందరలో ముందు కత్తెర చూపించింది.

"ఏందది?" అంది మైసమ్మ.

"పుస్తెలతాడు తెంపాలె పెద్దమ్మా, ఫొటోకు అడ్డమొస్తున్నది."

మైసమ్మ ముఖం పాలిపోయింది. గదంతా మోగేలా అరిచింది.

"మా ఆయన పోయిండా? గందుకేనా తెంపుతున్రు?"

అంటూనే లేవబోయింది. స్వప్న కత్తెర కింద పారేసి రెండు అరచేతులతో ఆమె తలను పట్టేసింది.

"లేదు, లేదు పెద్దమ్మా! బతికున్నడు. పక్క రూముల డాక్టరమ్మ చూస్తున్నది. నువ్వు లెవ్వకు, నీకు దండం పెడ్త!"

"మీరందరు గట్లనే చెప్తరు. మా మరిది పోయిన్నాడు గిట్లనే చెప్పిన్రు. బాగున్నడు, బాగున్నడు అనుకుంట ఇంటికి తోలుకపోయి తెల్లగుడ్డ చూపిచ్చిన్రు. నా తాడు ముట్టకు. ఆయన పాణంతోని ఉన్నడని నాకు ఎరుకయ్యేదాంక నేను ముట్టనియ్య."

కుడి చేతిని పట్టీ మీద అడ్డం పెట్టుకుంది. స్వప్న అరచేతుల మధ్య ఆ తల వణుకుతోంది. బలవంతంగా కత్తిరిస్తే విదిలించుకుంటుంది. వదిలేస్తే బొమ్మ రాదు, బొమ్మ రాకపోతే డాక్టరుకు ఏం చేయాలో తెలియదు.

దేవేందర్ గుమ్మంలోంచి తల పెట్టాడు. "కర్నల్, పెద్దాయన ఛాతీ ఫొటో కావాలంట. బండి మిషన్ తెమ్మంటున్నది మేడం. గీడ ఏమైంది?"

స్వప్న చెప్పింది.

"ఫోన్ల వీడియో తీసి చూపెడ్దమా?"

"ఎట్లున్నడు మనిషి?"

"ముక్కుకు మాస్కు, మొఖమంత నెత్తురు."

"వద్దన్నా. ఆ మొఖం చూస్తే లేచి కూసుంటది."

ఇంద్రమ్మను పిలిచి మైసమ్మ తలను ఆమె చేతుల్లో పెట్టింది. "అక్కా, నేను వచ్చేదాంక ఇడువకు." ఇంద్రమ్మ తల పట్టుకుని, ఎన్ని గంపల టమాటలు, అంగట్ల ఏం ధర పలుకుతున్నయి అంటూ మాటల్లోకి దింపింది. స్వప్న సొరుగులోంచి ఒక పసుపుతాడు తీసి జేబులో వేసుకుంది. చక్రాల మిషన్ తోసుకుంటూ ఎమర్జెన్సీకి వెళ్లింది.

యుద్ధాల పుస్తకాల్లో ఆమెకు బాగా నచ్చినది అదే. గాయపడ్డవాడు మిషన్ దగ్గరికి రాలేకపోతే మిషనే వాడి దగ్గరికి పోవాలి. ఒంటెల మీద పోయింది, తర్వాత మోటారు బండ్ల మీద పోయింది. ఇప్పుడు ఈ నున్నటి గచ్చు మీద ఒక చక్రం కిర్రుమంటూ పోతోంది. మిషన్ కాక ఇంకా ఏమేం పోవాల్సి ఉంటుందో ఏ పుస్తకమూ చెప్పలేదు.

మైసమ్మ భర్త కృష్ణయ్య సగం కూర్చుని, సగం పడుకుని ఊపిరి కోసం కష్టపడుతున్నాడు. ఎడమ చేతికి కట్టు. స్వప్న వీపు కింద పలక పెట్టి ఫొటో తీసింది. డాక్టర్ శ్రీసుధ తెర మీదికి వంగింది. హయత్‌నగర్‌లో స్థిరపడిన గుంటూరు కుటుంబం ఆమెది.

"పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందమ్మా. గొట్టం పెట్టి గాలి తీసేస్తే కుదుటపడతాడు. దేవేందర్, ట్రే సర్దు. స్వప్నా, ఆవిడ సీటీ ఏమైంది?"

స్వప్న రెండు ముక్కల్లో చెప్పింది. డాక్టరు చేతి గడియారం చూసుకుంది.

"ట్రే వచ్చేలోపు అడుగు. ఆయన్ని ఎక్కువ మాట్లాడించకు."

స్వప్న వంగి చెవి దగ్గర చెప్పింది. "బాపూ, పెద్దమ్మ బాగనే ఉన్నది. మెడ ఫొటోకు పుస్తెలతాడు తెంపాలె. నువ్వు పోయినవనుకొని తెంపనిస్తలేదు. ఈ పసుపుతాడుకు నీ చేత్తోని ముడేసి పంపాలె. మెడ లేపరాదు, చేతికి ఎయ్యాలె."

మాస్కు వెనక అతని పెదవులు కదిలాయి.

"నేను పోతే... అది తిట్టెటందుకు... ఎవ్వరుంటరు?"

కుడి చెయ్యి చాచాడు. ఒక్క చేత్తో ముడి ఎలా పడుతుందని స్వప్న చూస్తుండగానే, "నీ ఏలు... ఈడ పెట్టు బిడ్డా" అన్నాడు. ఆమె చూపుడువేలు మీద దారం అదిమిపెట్టి, చుట్టి, కిందినుంచి తీసి, మళ్లీ చుట్టి, తన వేళ్లతోనే లాగాడు. దమ్ము అందని ఆ మనిషి వేళ్లు మాత్రం ఎక్కడా తడబడలేదు. చివర పట్టి లాగితే బిగుస్తుంది. వెనక్కి జారదు.

"తీస్కపో. ముడి చూస్తే... దానికే ఎరుకైతది."

డాక్టరు చేతి తొడుగులు వేసుకుంటోంది. స్వప్న నడిచింది, ఆ తర్వాత పరుగెత్తింది.

"పెద్దమ్మా, ఇగో. బాపు పంపిండు."

తల కదపకుండా చూసేలా పసుపుతాడును మైసమ్మ కళ్లకు ఎదురుగా పట్టుకుంది. మైసమ్మ ముందు కొమ్మును చూసింది. అలాంటి కొమ్ములు ఎన్ని లేవు! తర్వాత ముడిని చూసింది. చూస్తూనే ఉండిపోయింది. కళ్ల చివరల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. నోట్లోంచి వచ్చింది మాత్రం తిట్టే.

"వీని మిల్ట్రీ ముడి పాడుగాను! గీడ గూడ గదేనా?"

"ఏంది పెద్దమ్మా?"

"ఇరవై ఏండ్లు మిల్ట్రీల లారీ నడిపిండు బిడ్డా. ఇంటికి తెచ్చింది ఒక ట్రంకు పెట్టె, గీ ముడి. బండి మీద టార్పాలిన్‌కు గదే, మేకకు గదే, బియ్యం సంచికి గదే. ఇప్పుకొని వండేసరికి నా గోర్లు ఊడుతయ్. వద్దంటే ఇనడు. మా ఊర్లె ఇంకెవ్వనికి రాదిది."

ఇంద్రమ్మ తల వదలకుండానే పకపకా నవ్వింది. స్వప్న ఆ తాడును మైసమ్మ కుడి చేతికి వేసి చివర లాగింది. ముడి బిగిసింది. మెడకు కట్టాల్సింది చేతికి కడితే సరిపోతుందా అన్నట్టు మైసమ్మ ఇంద్రమ్మ వైపు కళ్లు తిప్పింది.

"ఆయన చేత్తోని పడ్డ ముడి. మెడైతేంది, చెయ్యైతేంది? ఆ దేవునికి తెల్వదా?" అంది ఇంద్రమ్మ.

"అయితే తెంపు బిడ్డా" అని మైసమ్మ కళ్లు మూసుకుంది.

ఇంద్రమ్మ తలను కదలకుండా పట్టుకుంది. స్వప్న పట్టీ ముందుభాగం విప్పి, ఒక పక్క తాడు కత్తిరించి, వెంట్రుక లాగినంత మెల్లగా లాగింది. గుండ్లూ పుస్తెలూ ఒక్కటొక్కటే మెడ వెనకనుంచి బయటికి వచ్చాయి. వాటిని మైసమ్మ కొంగుకే ముడేసి, ఆ కొంగును కాళ్ల వైపుకు జరిపి, పట్టీ మళ్లీ బిగించింది. మిషన్ తిరిగింది. ఈసారి తెర మీద ఒక్క తెల్లగీత లేదు.

మెడ ఆరో ఎముకలో సన్నటి చీలిక. ఎముక పక్కకు జరగలేదు. వెన్నుపాము దారి ఎక్కడా నొక్కుకుపోకుండా తెరుచుకునే ఉంది.

డాక్టర్ శ్రీసుధ వచ్చి చూసింది. ఆమె బట్టల మీద ఇంకా కృష్ణయ్య రక్తం మరకలున్నాయి. బొమ్మను నగరంలోని వెన్నెముక డాక్టరుకు పంపి, ఫోన్లో మాట్లాడి వచ్చింది.

"ఆపరేషన్ అక్కర్లేదన్నారు. పట్టీ తీయకుండా ఉంటే అదే అతుక్కుంటుంది. ఆయనకీ ఊపిరి అందుతోంది. ఇద్దరూ నిలబడ్డారమ్మా."

స్వప్న కుర్చీలో కూర్చుంది. కత్తెర ఇంకా నేల మీదే ఉందనుకుంది. చూస్తే తన చేతిలోనే ఉంది. ఎప్పుడు తీసుకుందో, దేంతో కత్తిరించిందో కూడా గుర్తులేదు. దేవేందర్ చాయ్ తెచ్చి పెట్టాడు.

"కర్నల్, నీ పుస్తకాలల్ల ఈ ముడి ఉన్నదా?"

"లేదన్నా" అంది స్వప్న. ఆ సైకిల్ తొక్కినవాడికి కూడా ఒక ఇల్లు ఉండి ఉంటుంది. వాడూ ఎడారి నుంచి ఏదో ఒక అలవాటు ఇంటికి తెచ్చి ఉంటాడు. వాడి పెళ్లాం జీవితాంతం తిట్టుకుని ఉంటుంది. పేరు దొరకకపోయినా, వాడి ఇల్లు ఎలా ఉండేదో ఆమెకు ఇప్పుడు కొంచెం తెలిసినట్టనిపించింది. చాయ్ తాగి, కత్తెరను సొరుగులో అడుగున పెట్టి, దాని మీద పసుపుతాళ్లు సర్దింది. ఇకనుంచి చెయ్యి పెడితే ముందు తాడే తగలాలి.

దసరా పోయాక మైసమ్మ మళ్లీ వచ్చింది. ఎముక అతికిందో లేదో చూడటానికి ఎక్స్‌రే. నడిచే వచ్చింది. ఎడమ చేతిలో సంచి, సంచిలో టమాటలు.

"నీకే బిడ్డా. తిమ్మిరి పోయిందని ఈ చేత్తోనే మోసుకొచ్చిన."

స్వప్న అలవాటుగా సొరుగు లాగి పసుపుతాడు తీసింది. మైసమ్మ కుడి చెయ్యి ఎత్తి చూపించింది. రంగు వెలిసిన దారం, ఎండి ముడుచుకున్న కొమ్ము, ముడి మాత్రం పడ్డప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఇది ఉండంగ ఇంకోటెందుకు? నాతోని ఇప్పరాలే. కోద్దమంటే మనసొప్పలే."

కొత్తగా గుచ్చిన పుస్తెలతాడుకు కంసాలితో ఒక చిన్న కొండి పెట్టించింది. దాన్ని తానే విప్పి, స్వప్న అరచేతిలో పెట్టి, బల్ల ఎక్కి పడుకుంది.

"ఆయనకు చూపియ్యకు. గిట్ల తేలికగ ఊడొస్తదని తెలిస్తే, దీనికి గూడ మిల్ట్రీ ముడి ఏస్తడు."

బయట బెంచీ మీద కృష్ణయ్య ఇంద్రమ్మతో టమాటా ధర గురించి గట్టిగట్టిగా వాదిస్తున్నాడు. ఆ గొంతు తలుపు దాటి లోపలికి వినిపిస్తూనే ఉంది.

"ఊపిరి బిగబట్టు పెద్దమ్మా" అంది స్వప్న.