సూదిపోటు తిన్న బ్యాటరీ సాక్ష్యం

నేను ఒక సాక్షిని. నన్నెవరూ బోనెక్కించలేదు, ప్రమాణం చేయించలేదు. అందుచేత నా అంతట నేనే చెప్పుకోవలసి వచ్చింది. పుట్టుకచేత బ్యాటరీని. రేడియోతో నడిపే చిన్న విమానాల కడుపులో కూర్చుని వాటి మోటారు తిప్పడం నా ఉద్యోగం. ప్రస్తుతం విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ కళాశాల ప్రయోగశాలలో, గాజుసీసాలో ఉన్నాను. సగం బొగ్గును, సగం మసిబారిన రేకును. నన్ను చూసి జాలిపడవద్దు. జాలి పడవలసిన మనిషి వేరే ఉంది. ఆమె కోసమే నోరు విప్పాను.

సముద్రాలకు అవతల, తేమ సోకకుండా కాపాడే ఒక గదిలో నన్ను తయారుచేశారు. ముఖాలకు గుడ్డ కట్టుకున్న స్త్రీలు పలుచని పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి, వెండిరంగు సంచిలో పెట్టి, అంచులు మూసేశారు. పాలప్యాకెట్టు చదునుగా పడుకుంటే ఎలా ఉంటుందో ఆ సంచి అలా ఉంటుంది. అటువంటివి మూడు కలిపితే నేను. పైన ఒక ప్లాస్టిక్ తొడుగు. తొడుగు మీద ఆజ్ఞలు అచ్చువేశారు: మితిమీరి నింపరాదు, అడుగంటా పిండరాదు, ఎండలో ఉంచరాదు, పొడవరాదు. మనుషులు ఆజ్ఞలను ఎంతో శ్రద్ధగా అచ్చువేస్తారు. చదవడానికి మాత్రం వారికి తీరిక చిక్కదు.

నన్ను కొన్నవారు కొమరగిరి సుధాకరం గారు. మందుల పంపిణీ వ్యాపారం, పట్టణంలో మంచి పేరు, విమానాల క్లబ్బుకు అధ్యక్ష పదవి. భీమిలి దారిలోని ఒక బీడులో ఆదివారం ఉదయాలు క్లబ్బు కూడేది. ఆయన విమానం పేరు పుష్పకం. దాని రెక్కలకు అంటించిన ఫిల్ము కుంకుమ రంగుది, దాని మీద సన్నని వెండి గళ్లు. విదేశం నుంచి ప్రత్యేకంగా తెప్పించుకుని, ఆ రంగు క్లబ్బులో మరెవరూ వాడరాదని ఆయన శాసించారు. ఎవరూ వాడలేదు.

మరొక శాసనం కూడా ఆయనదే. అది మంచి శాసనమని ఒప్పుకోవాలి. ఎగరేసే ముందు ప్రతి సభ్యుడూ తన బ్యాటరీని బల్ల మీది గాజుపలకపై పెట్టాలి. ఆరోగ్యంగా ఉన్నది చదునుగా పడుకుంటుంది. లోపల వాయువు పుట్టి పొట్ట పొంగినది ఊగుతుంది. ఊగినదాన్ని అందరి ఎదుటా ఉప్పునీళ్ల బకెట్టులో వేయాలి. అందులో అది నెమ్మదిగా చల్లారిపోతుంది. ఆ బకెట్టుకు సభ్యులు గంగ అని పేరు పెట్టుకున్నారు.

ఒక ఆదివారం కళ్లడాక్టరు గారి బ్యాటరీ ఊగింది.

"ఊయలూగుతోందండోయ్ డాక్టరు గారి పాప!" అని ఎవరో అరిచారు.

"మొన్న ఉగాదికే కొన్నానండీ," అని ఆయన నసిగారు.

"ఎప్పుడు కొన్నారన్నది కాదు డాక్టరు గారూ," అన్నారు సుధాకరం గారు. "క్రమశిక్షణ లేనివాడి బ్యాటరీయే పొంగుతుంది. కలిపేయండి గంగలో."

అందరూ నవ్వారు. డాక్టరు గారు చెవులదాకా ఎర్రబడి, తన బ్యాటరీని తామే నీళ్లలో వదిలారు. ఆ మాట గుర్తుంచుకోండి. ఆయన దాన్ని డాక్టరు గారి కోసం అన్నారు. అది సుధాకరం గారి గుమ్మం ముందే కాపు కాసింది.

ఎందుకంటే క్రమశిక్షణ ఆయనకు ఎదుటివారి వస్తువు. దిగమని గడియారం కీచుమంటుంటే "ఇంకొక్క రౌండు" అనేవారు. నాలోని చివరి చుక్కదాకా పిండి, ఒళ్లు కాలుతున్న నన్ను వెంటనే చార్జింగుకు పెట్టేవారు. మమ్మల్ని వాడనప్పుడు సగం నింపి చల్లచోట దాచాలి. ఆయన వైశాఖమాసపు ఎండలో, అంచులదాకా నింపిన నన్ను కారు డిక్కీలో వదిలేసి పెళ్లిభోజనానికి వెళ్లారు. తాంబూలం నములుతూ తిరిగి వచ్చేసరికి నా పొట్ట పొంగింది.

ఇంట్లో భోజనాల బల్లకు గాజు పరచి ఉంది. దాని మీద పెట్టి ఒక అంచు నొక్కారు; రెండో అంచు లేచింది. చాలాసేపు అలా నొక్కుతూ కూర్చున్నారు. తర్వాత భార్య కుట్టుపెట్టె తెరిచి సూది తీశారు.

నా తొడుగు కోసి, మూడు సంచులనూ ఒక్కొక్కసారి పొడిచారు. లోపలి వాయువు బుస్సుమంది. గోళ్లరంగు సీసా మూత తీసినప్పటి తియ్యటి వాసన ఇల్లంతా నిండింది.

"ఏమిటండీ ఆ పాడు వాసన?" అని వంటింట్లో నుంచి ఆవిడ అడిగింది.

"క్లబ్బు పని. నీకు అర్థం కాదులే."

లావుపాటి పుస్తకాల కింద పెట్టి నన్ను అణిచారు. పుష్పకానికి వాడగా మిగిలిన ఫిల్ములో గోరంత ముక్కలు కత్తిరించి, మూడు రంధ్రాల మీదా జిగురుతో అతికించారు. పైన అవే ఆజ్ఞలు అచ్చయిన కొత్త నీలం తొడుగు వేసి, ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడిగాలి కొట్టి బిగించారు. మళ్లీ గాజు మీద పెట్టారు. నేను కదలలేదు. ఆయన ముఖంలో సిగ్గు కోసం వెతికాను. సంతృప్తి దొరికింది.

అయినా పుష్పకాన్ని నాకు అప్పగించే ధైర్యం ఆయనకు లేదు. సూది దిగిన చోట తేమ దిగుతుందని, తేమ దిగిన చోట ఏనాటికైనా నిప్పు పుడుతుందని ఆయనకు తెలుసు. పెరట్లో ఒక బకెట్టు ఉప్పునీళ్లు పెట్టి ఉంటే నా కథ గౌరవంగా ముగిసేది. కాని పారేస్తే పుణ్యం రాదు. దానం చేస్తే వస్తుంది.

ఆ నెలలోనే, ఇప్పుడు నేనున్న ఈ ఇంజనీరింగ్ కళాశాల ఆడపిల్లల జట్టు విమానాల పోటీకి సిద్ధమవుతూ క్లబ్బు సాయం కోరింది. సుధాకరం గారు నన్ను రంగుకాగితంలో చుట్టి తీసుకువెళ్లారు. ప్రిన్సిపాల్ వరాహమూర్తి గారు ఆయనకు శాలువా కప్పారు. ఫోటో తీశారు. నన్ను రెండు చేతులతో అందుకున్న జట్టు నాయకురాలి పేరు బోని నూకరత్నం. అనకాపల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్ల. నా తొడుగు మీద అచ్చయిన ఆజ్ఞలను ఆ రోజే కూర్చుని చదివింది. నా జీవితంలో వాటిని చదివిన మొదటి మనిషి ఆమె.

మరునాడు మధ్యాహ్నం వర్కుషాపులో నన్ను చార్జింగుకు పెట్టింది. సగం ఇసుక పోసిన మట్టికుండలో పడుకోబెట్టి, పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. ఎదుటి బల్ల దగ్గర ఆమె స్నేహితురాలు జుబేదా పలుచని చెక్కలతో రెక్క అతుకుతోంది.

"ఏటే నూకీ, పాలు పొంగిపోతాయన్నట్టు ఆ కుండ ముందు అలా కూకున్నావు?"

"నవ్వకే. చార్జి అవుతున్నంతసేపూ దీన్ని ఒంటరిగా వదలకూడదు."

"జోలపాట కూడా పాడతావేటి?"

"నువ్వు పాడు. నీ గొంతు వింటే ఏ బ్యాటరీ అయినా చచ్చి ఊరుకుంటాది."

ఇద్దరూ నవ్వుకున్నారు. కాని నూకరత్నం కళ్లు చార్జరు మీదే ఉన్నాయి. అది నా మూడు సంచుల బలాన్నీ విడివిడిగా చూపిస్తుంది. రెండు సమానంగా ఎక్కుతున్నాయి, నడిమిది వెనకబడుతోంది. ఆమె నా వీపు తాకి చూసింది. చార్జింగు ఆపి, ఫోను తీసి, జుబేదాకు కూడా వినిపించేలా పెట్టింది.

"సార్, నూకరత్నాన్నండి. మీరిచ్చిన బ్యాటరీలో మధ్య సెల్లు వెనకబడిపోతందండి. కొంచెం వెచ్చగా కూడా ఉందండి. ఇంక పెట్టకుండా పక్కన పడేయమంటారా?"

అవతలి నుంచి సుధాకరం గారి ఒక్క మాట చాలు. పడేయమ్మా, అంటే చాలు. కారణం కూడా చెప్పనక్కరలేదు. నేను ఎదురుచూశాను.

"కొత్త బ్యాటరీ తల్లీ. మొదట్లో అలాగే ఉంటుంది. పూర్తిగా నింపు, అదే సర్దుకుంటుంది. ఇంత పిరికిదానివైతే విమానాలెందుకు? కుట్టుమిషను నేర్చుకో."

"అలాగేనండి," అని ఆమె నవ్వింది. పెద్దాయన మాట. కరెంటు బాగా తగ్గించి మళ్లీ పెట్టింది. స్టూలు మీద నుంచి మాత్రం లేవలేదు.

తర్వాత జరిగింది చెప్పడానికి నాకు అలంకారాలు అక్కరలేదు. నడిమి సంచి చీలింది. మంట కుండ మూతిలో నుంచి నిలువుగా లేచి, పక్కకు తిరిగి, జిగురు డబ్బాల వైపు, జుబేదా వైపు నాలుక చాచింది. నూకరత్నం స్విచ్చి కట్టేసింది. ఆ కుండను రెండు చేతులతో ఎత్తి, గుండెకు దూరంగా పట్టుకుని, పెరట్లోకి పరుగెత్తింది. మధ్యలో వదలలేదు. పై సంచి కూడా ఆమె చేతుల మధ్యనే అంటుకుంది. పెరట్లో నన్ను దించాక గాని ఆమె అరవలేదు. ఇసుకలో కూరుకున్న అడుగు సంచి మాత్రం మసిబారి మిగిలింది.

కాల్చింది నేనే. కత్తికి ఉన్నంత అపరాధం నాకూ ఉంది. అంతకన్నా ఎక్కువ లేదు.

విచారణ సంఘం వేశారు. సాంకేతిక నిపుణుడు కావాలి గనుక, ఊళ్లో ఆ విద్య తెలిసిన పెద్దమనిషిని పిలిచారు. ఎవరినో మీరు ఊహించగలరు. సుధాకరం గారు శాలువా లేకుండా, బరువైన ముఖంతో వచ్చి కూర్చున్నారు. ఎదురుగా నూకరత్నం, చేతులకు మోచేతులదాకా కట్లు.

"సార్, మీకు ఫోను చేశాను కదండీ," అంది ఆమె.

"చేశావమ్మా. జాగ్రత్తగా ఉండమనే కదా చెప్పాను?"

"అలా చెప్పలేదు సార్! నేనూ విన్నాను," అని జుబేదా లేచింది.

"స్నేహితురాలివి. నువ్వు ఇంకేం చెబుతావులే, కూర్చో," అన్నారు వరాహమూర్తి గారు.

"అయితే దాన్ని కోసి చూడండి సార్," అంది నూకరత్నం. "లోపల మొదటి నుంచే ఏదో ఉంది. మిగిలిన సెల్లు తొడుగు విప్పి చూడండి."

సుధాకరం గారు తల అడ్డంగా ఊపారు. ఆ గొంతులో ఎంత వాత్సల్యమో! "కాలిన బ్యాటరీని కోయకూడదు తల్లీ. అది భద్రతలో మొదటి పాఠం. ఆ పాఠం తెలియకనే కదా మండుతున్న కుండను చేతులతో ఎత్తావు?"

జుబేదాను కాపాడిన పరుగు అలా నేరాల పట్టికలో చేరింది. భద్రత అనే మాటను నేను ఎన్నో గోడల మీద చూశాను. అబద్ధానికి అంత మంచి గొడుగు అవుతుందని ఆనాడే తెలిసింది.

తీర్పు: విద్యార్థిని అజాగ్రత్త. ఏడాదిపాటు కళాశాల నుంచి బహిష్కారం. నన్ను ఉప్పునీళ్లలో చల్లార్చి, సీసాలో పెట్టి, ప్రయోగశాలలో ఉంచాలి. ఆమె తిరిగి వచ్చాక, కొత్త విద్యార్థులు చేరే రోజున నా పక్కన నిలబడి, సీసా మీది చీటీని తన నోటితో చదవాలి. చీటీని సుధాకరం గారే రాసి ఇచ్చారు: ఒక విద్యార్థిని అజాగ్రత్తకు ఫలితం.

ఏడాది గడిచింది. నూకరత్నం వచ్చింది. కుడిచేతి మూడు వేళ్లు కర్రముక్కల్లా బిగిసిపోయాయి. కొత్త విద్యార్థుల సభకు వారం ముందు సీసా తుడవమని ఆమెకే పురమాయించారు. శిక్షలో అదీ ఒక భాగం కాబోలు. మూత తీసి నన్ను అరచేతిలోకి ఒంపుకుంది. కాలిన తొడుగు అప్పడంలా పెళపెళ విరిగి రాలింది. మిగిలిన సంచి మీద కుంకుమ రంగు ముక్క, దాని మీద సన్నని వెండి గళ్లు. ఆమె గోటితో ఆ ముక్క అంచు లేపింది. కింద సూది రంధ్రం.

జుబేదా ఆమె భుజం మీదుగా చూసింది. "ఓలమ్మో! ఇది ఆయన విమానం రంగు కదే! పద, ఇప్పుడే ప్రిన్సిపాల్ గదికి పోదాం."

"ఆ గదిలో నా మాట ఒకసారి చెప్పాను," అంది నూకరత్నం, ముక్కను యథాతథంగా నొక్కి పెడుతూ. "ఈసారి ఆయన చెబుతాడు."

"ఆయనెందుకు చెబుతాడే?"

"పదిమంది ఉంటే ఆయన చెప్పకుండా ఉండలేడు."

సభకు ముఖ్య అతిథిగా రమ్మని, పిల్లలు చూస్తారు గనుక పుష్పకాన్ని కూడా తెమ్మని సుధాకరం గారికి విమానాల జట్టు పేరుతో ఆహ్వానం వెళ్లింది. అటువంటి ఆహ్వానాన్ని ఆయన ఏనాడూ కాదనలేదు. వేదిక మీద బల్ల. బల్ల మీద రెక్కలు చాచిన పుష్పకం. దాని పక్కన సీసాలో నేను, చీటీ హాలు వైపు, ముక్క గోడ వైపు. ఆయన గాజుపలక గురించి, గంగ గురించి కమ్మగా మాట్లాడారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత నూకరత్నాన్ని పిలిచారు. ఆమె చీటీని అక్షరం పొల్లుపోకుండా చదివింది. హాలులో ఎవరో జాలిగా నాలుక చప్పరించారు.

"సార్, ఒక్క సందేహమండి," అంది ఆమె. "పొట్ట పొంగిన బ్యాటరీని సూదితో పొడిచి, గాలి తీసేసి, మళ్లీ వాడొచ్చాండి?"

సుధాకరం గారు మైకు అందుకున్నారు. ఆయన రెప్పలు ఒక్కసారి కొట్టుకున్నాయి. కాని ఎదురుగా నిండిన హాలు, ఆమె ముఖంలో వినయం తప్ప ఏమీ లేదు. "మంచి ప్రశ్న. పిల్లలూ, గుర్తుపెట్టుకోండి. అలా పొడిచినవాడు హంతకుడితో సమానం. వాణ్ని ఏ విమానం దగ్గరికీ రానివ్వకూడదు."

"థాంక్సండి," అని నూకరత్నం సీసాను సగం తిప్పింది.

కుంకుమ రంగు ముక్క హాలు వైపు తిరిగింది. పక్కనే పుష్పకం రెక్క. అదే రంగు, అవే వెండి గళ్లు. "దీని కింద సూది బెజ్జం ఉందండి," అంది ఆమె, మైకు లేకుండానే. మొదటి వరుసలో ఒక పిల్ల పక్కపిల్లను మోచేత్తో పొడిచింది. గుసగుస వెనక వరుసల దాకా పాకింది. వరాహమూర్తి గారు కుర్చీలో నుంచి లేచి వచ్చి, కళ్లజోడు పైకి తోసుకుని, సీసాను చూశారు, రెక్కను చూశారు, మళ్లీ సీసాను చూశారు. సుధాకరం గారి అరచేయి ఆయనను అడగకుండానే కదిలి, రెక్కను కప్పడానికి ప్రయత్నించింది. రెక్క పెద్దది. చేయి చిన్నది.

న్యాయం జరిగిందా అని మీరు అడుగుతారు. ఆయన ఆరోగ్య కారణాల చేత అధ్యక్ష పదవి వదులుకున్నారు. పత్రికలో అలాగే పడింది. సంఘం తన తీర్పును రద్దు చేసుకుంది. క్షమాపణ అనే మాట మాత్రం ఆ కాగితంలో లేదు. ఆయన ఏ బోనూ ఎక్కలేదు, ఒక్క రాత్రి కూడా కటకటాల వెనక పడుకోలేదు. ఆమె వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు.

పాత చీటీ చింపి కొత్తది రాయమని వరాహమూర్తి గారు ఆమెకే చెప్పారు. "నేను రాస్తానే, ఇటియ్యి," అని జుబేదా పెన్ను అందుకోబోయింది. నూకరత్నం ఇవ్వలేదు. ముడవని వేళ్ల సందున పెన్ను ఇరికించుకుని, వేదిక మీద ఆయన పలికిన తీర్పునే రాసింది: పొడిచినవాడు హంతకుడితో సమానం. కింద ఆ మాట అన్నవారి పేరు. సగం మధ్యాహ్నం పట్టింది.

ఆ చీటీ ఇప్పటికీ సీసా మీద ఉంది. ఏటేటా కొత్త పిల్లలు వచ్చి, ఇంత వంకర రాత ఎవరిదని నవ్వుతారు. చదవడం పూర్తయ్యేదాకా నవ్వుతూనే ఉంటారు.