పదిహేను కిలోల ప్రయాణం

నేను ఒక సూట్‌కేసును. ఫ్యాక్టరీ గేటు దాటేనాటికి నా దగ్గర ఉన్నవి నాలుగు చక్రాలు, ఒక పొడవాటి జిప్పు, లాగితే సాగే ఒక పిడి, నాలుగైదు రోజుల బట్టలు సుఖంగా పట్టేంత చోటు. నోరు మాత్రం ఇవ్వలేదు. జిప్పునే నోరనుకునేరు. అది ఎవరో తెరిస్తే తెరుచుకుంటుంది, మూస్తే మూసుకుంటుంది. ఆ ఒక్క లోటు వల్ల ఎంత నష్టం వచ్చిందో మీరే చూస్తారు.

గుంటూరులో ఒక సంచుల కొట్టు ముందు నన్ను గొలుసుతో కట్టి రెండేళ్లు వేలాడదీశారు. దారిన పోయేవాళ్లు నా చక్రాలు తిప్పి చూసి, ఏమీ కొనకుండా వెళ్లిపోయేవారు. చివరికి చీరాల బట్టల వ్యాపారి ఒకాయన నన్ను కొన్నాడు. తన దగ్గర ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న నాసరయ్యకు శాలువాతో పాటు నన్నూ బహుమానంగా ఇచ్చాడు. ఆ ముప్పై ఏళ్లలో నాసరయ్య ఒంగోలు దాటి వెళ్లలేదు. ఎటూ వెళ్లని మనిషి చేతికి నన్నిస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు.

నాసరయ్య పని బేళ్లు కట్టడం. చీరల్ని దొంతరగా పేర్చి, గోనెగుడ్డ చుట్టి, దబ్బనంతో పురికొస కుట్టి, పైన సిరాతో ఊరి పేరు రాసి లారీకెక్కిస్తాడు. ఆయన కట్టిన బేలు దారిలో విడిపోయిందన్న మాట ఇంతవరకు ఎవరూ వినలేదు. ఆ పనికి ఒక పద్ధతి ఉంది. అన్నిటికన్నా ఖరీదైన సరుకు నడిమధ్యన పెట్టాలి. పైన చినిగినా, కింద తడిసినా, నడుమ ఉన్నది భద్రం.

ఆరేళ్లు ఆ ఇంట్లో బీరువా మీద ప్లాస్టిక్ కవరులో పడి ఉన్నాను. బరువు, కొలత, లాభం, నష్టం అన్న మాటలు తప్ప కింద ఇంకేమీ వినపడేవి కావు. అలా నాకూ లెక్క వంటబట్టింది.

ఏడో ఏట నాసరయ్య భార్య మంగమ్మ నన్ను దించింది. ఆమె చెల్లెలు కోటేశ్వరి సూరత్‌లో ఉంటుంది. మగ్గాల పనికని ఎప్పుడో వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబం. కోటేశ్వరికి గురువారం పొద్దున గుండె ఆపరేషను. అక్కను కళ్లారా చూడందే లోపలికి పోనని పట్టుబట్టి కూర్చుంది. రైలుకు వ్యవధి లేదు. కోటేశ్వరి కొడుకు బుధవారం మధ్యాహ్నం గన్నవరంలో ఎక్కేటట్టు విమానం టికెట్టు తీశాడు. టికెట్టు ఒక్కటే. మంగమ్మకు విమానం అదే మొదలు.

నాలుగు చీరలు, ఒక తువ్వాలు, బీపీ మాత్రలు సర్దుకుంది. నాసరయ్య నన్ను కొట్టుకు మోసుకెళ్లి కాటా మీద పెట్టి చూసి, దిగులుగా తిరిగొచ్చాడు.

“ఆరు కిలోలే ఉందే. పదిహేను దాకా తీసుకుపోవచ్చంట.”

“పోవచ్చన్నారు గానీ పొమ్మన్నారా?”

“తొమ్మిది కిలోలు ఊరికే వదిలేస్తామా? లారీని సగం ఖాళీగా ఎప్పుడన్నా పంపించానా నేను?”

ఆ తొమ్మిది కిలోల కోసం ఇల్లంతా వెతికాడు. మూడు కిలోల మినప్పప్పు వచ్చింది. ఇత్తడి బిందె చెల్లెలికి గుర్తుగా ఉంటుందన్నాడు. పక్కింటి వజ్రమ్మ ఒకసారి రైల్లో కాశీకి వెళ్లొచ్చింది కాబట్టి మా వీధిలో ప్రయాణాల మీద ఆమెదే ఆఖరి మాట.

“విమానంలో చలేసిద్దంటమ్మాయ్, రగ్గు పెట్టుకో.”

“పెట్టె కింద వేస్తారంటగా వదినా, రగ్గు నాకెట్టా అందిద్ది?”

“అడిగితే తీసిస్తార్లే. మనుషులు కాదా వాళ్లు?”

మీలో మొదటిసారి బయల్దేరేవాళ్లు ఎవరన్నా ఉంటే నా మాట వినండి. మీరు మీద కూర్చుంటే తప్ప పెట్టె మూతపడలేదంటే, ప్రయాణం మీది కాదు, ఇంట్లో సామానుది. మీరు దానికి తోడు వెళుతున్నారు.

మంగమ్మ స్నానానికి వెళ్లిన సమయంలో నాసరయ్య ఆమె చేతిసంచీ తెరిచాడు. ఆధార్ కార్డు, టికెట్టు కాగితం అజాగ్రత్తగా పైపైనే ఉన్నాయి. తీసి, పట్టుచీర నడిమి మడతలో పెట్టి, ఆ చీరను సరిగ్గా నా కడుపు మధ్యలోకి దూర్చాడు. చెప్పకుండా దాచాలన్న ఉద్దేశం కాదు. విలువైనది నడుమ ఉంటుందన్నది చెప్పాల్సిన సంగతే కాదు ఆయనకు.

నాకు చేతనైన తిరుగుబాటు ఒక్కటే, జిప్పు పట్టేయడం. రెండుసార్లు పట్టేశాను. కొవ్వొత్తి రుద్ది లాగేశాడు. ఆపైన గోనెగుడ్డ చుట్టి, దబ్బనం తీసుకుని నాలుగు వైపులా కుట్టాడు. పైన సిరాతో ‘మంగమ్మ, సూరత్’ అని రాశాడు. మామూలుగా మూడు ముళ్లు వేసేవాడు, పెళ్లాం సరుకని ఏడు వేశాడు. పిడి కూడా లోపలే ఉండిపోయింది. చక్రాలున్న నన్ను మర్నాడు బాడుగ కారు దాకా భుజాన మోశాడు.

దారిలో రెండు చోట్ల బండ్లు నిలిచిపోయాయి. గన్నవరం చేరేసరికి కౌంటరు మూయడానికి ఇరవై నిమిషాలుంది. గుమ్మం దగ్గర కాపలా ఆయన టికెట్టు, కార్డు చూపించమన్నాడు. మంగమ్మ చేతిసంచీ వెతికింది. బోర్లించి వెతికింది.

“కంగారుపడబాకే. నడిమధ్యన పెట్టా,” అన్నాడు నాసరయ్య.

“దేని నడిమధ్యన?”

ఆయన నన్ను చూపించాడు.

“విప్పు,” అంది.

ముడి మీద వేళ్లు పెట్టి లాగాడు. పళ్లతో కొరికాడు. పురికొస కదల్లేదు.

“నువ్వు కుట్టిందేగా, విప్పలేవా?”

“నాకు కట్టడమే తెలుసే. విప్పేది ఎప్పుడూ అవతలి ఊరోళ్లు.”

ముప్పై ఆరేళ్లుగా ఊళ్లకు ఊళ్లు ఆయన ముళ్లతో ఎన్ని తిప్పలు పడ్డాయో ఆయనకు ఆ రోజు తెలిసింది. కారు డ్రైవరు స్క్రూడ్రైవరు తెచ్చి గోనెలోకి పొడిచి పైకి లాగాడు. కుట్టుతో పాటు నా జిప్పూ తెగింది. కడుపులో ఉన్నదంతా నేల మీద పడింది. రగ్గు పరుచుకుంది. మినప్పప్పు సంచీ పగిలింది. బిందె దొర్లుతూ పోతుంటే ఎవరో ముసలాయన కాలు అడ్డం పెట్టి ఆపాడు. మంగమ్మ పట్టుచీర దులిపింది. కార్డు, కాగితం కింద పడ్డాయి.

పది నిమిషాలుంది. నన్ను మళ్లీ మూయడం ఎవరి తరమూ కాదు. మంగమ్మ ఆ రెండూ, మాత్రల పొట్లం చేతిసంచీలో వేసుకుని నిలబడింది.

“మరి ఇదంతా?” అన్నాడు నాసరయ్య.

“ఇంటికి తీసుకుపో. అది నన్ను చూస్తానంది గానీ మినప్పప్పు చూస్తానందా?”

వెనక్కి తిరక్కుండా లోపలికి వెళ్లింది. నాసరయ్య అద్దం అవతలకు మెడ సాచి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత గింజ గింజా ఏరి, నన్ను తన తువ్వాలుతో కట్టి కారులో పెట్టాడు. దారంతా ఒక చెయ్యి నా మీదే ఉంది.

గురువారం పొద్దున ఫోను మోగింది. అందరూ వినేటట్టు పెట్టాడు.

“నన్ను చూసి, నా వెనకాల ఎవరన్నా సామాను తెస్తన్నారేమోనని చూసింది,” అంటోంది మంగమ్మ. “ఏందక్కా, ఉత్తి చేతుల్తో వచ్చావని ఒకటే నవ్వు. నవ్వుతానే లోపలికి పోయింది. డాక్టరమ్మ కూడా నవ్వింది.”

సాయంత్రం ఇంకో ఫోను వచ్చింది. కోటేశ్వరి కళ్లు తెరిచిందట. నాసరయ్య ఫోను పెట్టేసి చాలాసేపు నా తెగిన జిప్పును అటూ ఇటూ లాగుతూ కూర్చున్నాడు.

ఇప్పుడు నేను కొట్లో కాటా పక్కన ఉంటున్నాను. పురికొస ఉండలు, సిరా బుడ్లు నాలో పెడతారు. నా లెక్క మీకు ఒప్పజెప్పేస్తాను. ఆయుష్షు మొత్తానికి చేసింది ఒక్కటే ప్రయాణం, గన్నవరం దాకా పోయి రావడం. పోయేటప్పుడు పదిహేను కిలోలు. వచ్చేటప్పుడు అందులో ఒక కార్డు, ఒక కాగితం, ఒక మాత్రల పొట్లం తక్కువ. సూరత్‌కు చేరవలసింది ఒక మనిషి. చేరింది.