రెండు వందల పన్నెండు ప్లగిన్లు

నేను ఒక పెన్‌డ్రైవ్‌ని. పదహారు జీబీ, నల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, మూత పోయి ఏడేళ్లు. ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో నాకు తెలియదు. నన్ను అమ్మింది మాత్రం తుని బస్టాండు ఎదురుగా ఉన్న సెల్‌ఫోన్ల కొట్లో. కొన్నాయన గంగరాజు. హైవే పక్క ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగి.

కొన్న రోజే ఆయన నా కడుపులో ఒక సాఫ్ట్‌వేర్ దాచాడు. జావా ప్రోగ్రాములు రాసి, నడిపి చూసుకోవడానికి పనికొచ్చే ఓపెన్ సోర్స్ సరుకు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. అందులో లేని పని కావాలంటే ప్లగిన్ అనే చిన్న ముక్క తెచ్చి తగిలించుకోవచ్చు. ఆ సౌకర్యమే నా కొంప ముంచింది.

ఆ కాలేజీలో ఒక ఆచారం పుట్టుకొచ్చింది. వీడ్కోలు రోజున ఫైనలియర్ వాళ్లు తమ గుర్తుగా నాలో ఒక్కో ప్లగిన్ వదిలి వెళ్లేవారు. ప్రోగ్రాములో తప్పు దొర్లితే సినిమాహాల్లో మాదిరి ఈల వేసేది ఒకటి. భోజనాల వేళకు గంట కొట్టేది ఇంకొకటి. తెర మొత్తాన్ని అభిమాన హీరో చొక్కా రంగులోకి మార్చేది మరొకటి. కోట గోడల మీద పేర్లు చెక్కే మనుషులకు నేను దొరికాను. తొమ్మిదేళ్లలో రెండు వందల పన్నెండు చేరాయి. ఒక్కటీ పోలేదు.

"తీసెయ్యకండర్రా, పిల్లల జ్ఞాపకాలు" అనేవాడు గంగరాజు. ప్రతి పరీక్షకూ ముందురోజు ఆ ఫోల్డరు మొత్తాన్ని ముప్పై కంప్యూటర్లలోకీ ఎక్కించేవాడు. అదొక మొక్కు.

ఈ ఏడాది కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో సాఫ్ట్‌వేర్ కూడా కొత్తదే. గంగరాజు మొక్కు మాత్రం పాతదే.

ఆ రోజు సప్లిమెంటరీ ల్యాబ్ పరీక్ష. రాసేది ఒక్కతే, లోవకుమారి. బీటెక్‌లో చేరి ఎనిమిదేళ్లు. అన్నీ పాసై ఈ ఒక్క ల్యాబే మిగిలింది. ఎనిమిదేళ్లలోపు పూర్తి కాకపోతే డిగ్రీ రాదు, పాసైన సబ్జెక్టులూ చెల్లవు. ఆ గడువులో ఇదే ఆఖరి పరీక్ష. ఉదయం పదికి మొదలు. ఒంటిగంటకు మార్కులు యూనివర్సిటీకి వెళ్లిపోవాలి.

ప్రశ్న కష్టమైనదేమీ కాదు. బస్సు సీట్లు రిజర్వు చేసే ప్రోగ్రాము రాయాలి. ఒకే సీటు ఇద్దరికి పోకూడదు. పది టెస్టులు నడిపి, అన్నీ నెగ్గినట్టు చూపించాలి.

పదీ అయిదుకు ఆమె సాఫ్ట్‌వేర్ తెరిచింది. బొమ్మ వచ్చింది, కింద గీత సగం దాకా పాకింది, అంతా మాయమైంది.

"గంగరాజు గారండీ, ఇది తెరుచుకోట్లేదండి."

"పక్కదాన్లో కూచో అమ్మా."

"పక్కదీ అంతేనండి. ఆ పక్కదీ అంతేనండి."

గంగరాజు ఇంకో రెండు తెరిచి చూశాడు. "ఆయ్, నిన్ననే ముప్పైలోనూ నేనే ఎక్కించానండీ" అన్నాడు, రాజమండ్రి నుంచి ఎగ్జామినర్‌గా వచ్చిన జోగారావు మాస్టారి వైపు తిరిగి.

"అంటే ముప్పైనీ మీరే చంపారన్నమాట. పొద్దున్నే మంచి పని చేశారు."

"ఇంటర్నెట్ వైరు ఒక్క పది నిమిషాలు కలిపితే..."

"పరీక్ష టైములో వైరు కలిపితే ఆ అమ్మాయి పేపరే చెల్లదయ్యా. సాయం చేస్తున్నారా, సమాధి కడుతున్నారా?"

గంగరాజు నన్ను మళ్లీ గుచ్చి, అదే ఫోల్డరును మళ్లీ ఎక్కించాడు. విషం పనిచేయలేదని రెండో గ్లాసు పోసినట్టు.

పదిన్నర దాటింది. లోవకుమారి ఆయన్ని పక్కకు జరగమంది. ప్లగిన్లలో సగం తీసి చూసింది. తెరుచుకోలేదు. మిగతా సగం పెట్టి చూసింది. ఊహూ. చెడ్డది ఒకటైతే దొరికేది. కొత్త సాఫ్ట్‌వేర్‌తో పొసగనివి డజన్ల కొద్దీ ఉన్నాయి. అన్నీ తీసేసినా లాభం లేకపోయింది, అవి అసలు సాఫ్ట్‌వేర్ ఫైళ్లనే చెరిపేశాయి. పదకొండుంబావు.

నాకు తెలుసు. కిందటేడు వెళ్లిపోయిన ఒక పిల్ల ప్లగినుకు బదులు ఈ కొత్త సాఫ్ట్‌వేర్ సెటప్ మొత్తం నాలో వదిలి వెళ్లింది. "కొత్త ఫోల్డర్" లోపల ఇంకో "కొత్త ఫోల్డర్", దాని లోపల. అరవాలనుకున్నాను. నాకున్నది ఒక్క ఎర్ర లైటు. అది వెలగడం, ఆరడం తప్ప ఏం చేయగలదు?

పదకొండూ నలభైకి ఆమె నన్నే తవ్వడం మొదలుపెట్టింది. ఒక్కో ఫోల్డరూ తెరిచింది. దొరికింది.

"గంగరాజు గారూ, కొత్త సెటప్ ఉందండి ఇందులో!"

"నా పెన్‌డ్రైవ్‌లోనా?"

ఆమె పాతదంతా తుడిచేసి, సెటప్ ఎక్కించింది. నా ఒళ్లు కాలిపోతోంది. పన్నెండుకు సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. ఈల లేదు, గంట లేదు, హీరో చొక్కా లేదు. తెల్లటి తెర.

ఇక కావాల్సింది ఒక్కటే, టెస్టులు నడిపే ప్లగిన్. ఈ కొత్తదానికి నప్పేది ఆ సెటప్ పక్కనే ఉంది, కానీ అది నాలో చచ్చుబడిన మూల. తొంభై రెండు శాతం దాకా ఇచ్చి ఆగిపోయాను. మళ్లీ అడిగింది, మళ్లీ తొంభై రెండే. మూడోసారి నా లైటు ఆరిపోయింది. గంగరాజు నన్ను పీకి, చొక్కాకు తుడిచి, నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. నాలుగు కంప్యూటర్లలో గుచ్చాడు. ఏ తెరా నన్ను గుర్తుపట్టలేదు.

పన్నెండుంబావు. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నేనే ముంచేశానమ్మా నిన్ను."

లోవకుమారి ప్రశ్నాపత్రం తీసి మొదటి నుంచి చదివింది. తర్వాత లేచి నిలబడింది.

"సార్, టెస్టులు నడిపి చూపించమనే ఉందండి. ప్లగిన్‌తోనే నడపాలని లేదు కదండి?"

జోగారావు మాస్టారు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. "లేదు."

"అయితే టెస్టులు నడిపేది కూడా నేనే రాసేస్తానండి."

"నలభై నిమిషాల్లో రెండు ప్రోగ్రాములా? పిచ్చా నీకు?"

"ఎనిమిదేళ్లయిందండి. అదొకటే తక్కువ."

రాసింది. పన్నెండూ యాభైకి నడిపితే తొమ్మిది నెగ్గాయి, ఒకటి ఓడింది. పద్నాలుగో సీటు ఇద్దరికి పోయింది. గంగరాజు కళ్లు మూసుకున్నాడు. ఆమె పెదవులు కదుపుతూ ఒక్కో వరుసా పైనుంచి కిందికి చదివింది. సీటు ఇచ్చాక ఖాళీ ఉందా అని చూస్తోంది. చూశాక కదా ఇవ్వాలి! రెండు వరుసలు అటూ ఇటూ మార్చింది. పన్నెండూ యాభై ఆరుకు పదీ నెగ్గాయి.

మాస్టారు నోటి పరీక్ష ప్రశ్నల కాగితం తీశారు. "ఇది నేను అల్లింది కాదమ్మా, కాగితం మీద ఉన్నదే. ప్లగిన్ లేకపోతే టెస్టులు ఎలా నడుపుతావు?"

"ఇప్పుడు నడిపానుగా అండీ."

ఆయన రెండో ప్రశ్న అడగలేదు. పెన్ను మూత తీశారు.

నేనిప్పుడు చచ్చిన మౌసులు, తెగిన వైర్ల మధ్య ఒక అట్టపెట్టెలో ఉన్నాను. ఎవరో తూకానికి పట్టుకుపోతారు. నాలోని ఈలలూ గంటలూ ఇక ఎవరికీ వినపడవు. బాధగానే ఉంది. ఆ మధ్యాహ్నం యూనివర్సిటీకి వెళ్లిన జాబితాలో ఒక్కటే పేరు, దాని ఎదురుగా పాసు మార్కులు. నేను మోసిన రెండు వందల పన్నెండు ప్లగిన్లలో ఒక్కటీ ఆమెకు పనికిరాలేదు.